రంగుల ఆకులకు మంచు గండం

పువ్వుల కోసం మొక్కలు పెంచేవారు కోకొల్లలు. ఆకుల అందం కోసమే పెంచే మొక్కలు మాత్రం కొన్నే. వాటిలో కోలియస్‌కు పెద్దపీట వెయ్యాలి. కుంకుమరంగు ఆకుకు పచ్చని అంచు, లేతపసుపు ఆకు మీద వక్కరంగు మచ్చలు, వంగపండు ఛాయ ఆకులో గులాబిరంగు ఈనెలు, ఇలా నాలుగు రకాలు ఒకచోట చేరిస్తే గద్వాల చీరెల మూట విప్పి పరిచినట్టు వుంటుంది. మన పట్టణాలలో డాబాల మీదా, వరండా మెట్ల పక్కనా ఈ మొక్క తరచుగా కనిపిస్తూనే వుంటుంది. పేరే చాలామందికి తెలియదు. ఆకుకు రంగుంటే చాలు, దాన్ని క్రోటను అనెయ్యడం మనకు అలవాటు.

రెంటికీ తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. క్రోటను ఆకు దళసరిగా, నున్నగా, తోలు ముక్కలా వుంటుంది. కోలియస్ ఆకు మెత్తన. అంచులకు రంపపు పళ్ళవంటి నొక్కులుంటాయి. కాడను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని దొర్లించి చూడండి. గుండ్రంగా దొర్లదు. నాలుగు పలకలు వేళ్ళకు తగులుతాయి. ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా వుంటాయి. ఒక జంట తూర్పు పడమరలుగా వుంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలుగా వుంటుంది. ఈ గుర్తులు ఎక్కడో చూసినట్టున్నాయి గదా? మీ తులసికోటలోనే చూశారు.

తులసికి చుట్టం

నిజంగానే కోలియస్ తులసికి చుట్టం. పుదీనా, మరువం, రుద్రజడ అన్నీ ఈ కుటుంబంలోనివే. మొక్కలకు శాస్త్రీయంగా పేర్లు పెట్టే పద్ధతిని నెలకొల్పిన స్వీడన్ దేశపు పండితుడు లిన్నేయస్ 1763లో కోలియస్‌ను వర్ణించినప్పుడు దాన్ని ఏకంగా తులసి జాతిలోనే చేర్చాడు. తరువాత 1790లో లౌరేరో అనే పోర్చుగీసు మతగురువు కోలియస్ అన్న పేరును సృష్టించాడు. గ్రీకు భాషలో ఆ మాటకు ఒర అని అర్థం. పువ్వులోని కేసరాల కాడలు అడుగున కలిసిపోయి, కత్తికి ఒర తొడిగినట్టు వుంటాయి కాబట్టి ఆ పేరు పెట్టాడు. మధ్యలో శాస్త్రజ్ఞులు ఈ మొక్కను ఒక జాతిలోనుంచి మరొక జాతిలోకి మార్చి రెండు మూడు పేర్లతో పిలిచారు. చివరకు 2019లో మళ్ళీ కోలియస్ అనే పేరునే ఖాయం చేశారు. మన పెరళ్ళలోని వామాకు మొక్క కూడా ఈ జాతిలోనిదే. అయితే వామాకుతో బజ్జీలు వేసుకుంటున్నాం గదా అని దీని ఆకులు కోసి శనగపిండిలో ముంచేరు సుమా! ఇది కంటికి విందే గాని నోటికి కాదు.

దీని పుట్టిల్లు ఉష్ణమండలం. ఆసియాఖండపు వేడి ప్రాంతాల నుంచి జావా మొదలైన ద్వీపాల మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర భాగం దాకా ఇది సహజంగా పెరుగుతుంది. గాలిలో తేమ, చెట్లనీడ, ఏడాది పొడుగునా వెచ్చదనం, వీటి మధ్య పుట్టిన మొక్క. అటువంటి నేలలో ఇది ఒక ఏడుతో ముగిసిపోయే మొక్క కాదు. ఏళ్ళ తరబడి బ్రతుకుతుంది. కాని అమెరికాలోనో, కెనడాలోనో, ఇంగ్లండులోనో మొక్కల దుకాణానికి వెళ్ళి చూడండి, కుండీకి గుచ్చిన చీటీ మీద దీన్ని ఏకవార్షికమని రాసి వుంటుంది. అంటే బంతిలాగా, జొన్నలాగా ఒక్క ఏడు బ్రతికి పోయేదన్నమాట. ఆ చీటీ చెప్పేది మొక్క ఆయుర్దాయం కాదు, ఆ ఊరి శీతకాలపు తీర్పు. ఆ తీర్పును తప్పించడం మనిషి చేతిలో వున్నది. అందుకు కావలసిన సరంజామా ఒక కత్తెర, ఒక గ్లాసుడు నీళ్ళు, ఒక కిటికీ.

అద్దాల మేడల కాలం

చలిదేశాలలో కోలియస్‌ను కాపాడుకునే విద్య నిన్న మొన్నటిది కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఈ మొక్క జావా ద్వీపం నుంచి ఐరోపాకు చేరింది. అప్పటికి అక్కడి వారికి దూరదేశపు మొక్కలంటే మహా మోజు. నథానియల్ వార్డ్ అనే లండను వైద్యుడు గాజుపెట్టెలో మొక్కను మూసి వుంచితే తన తేమను తానే వాడుకుంటూ బ్రతుకుతుందని కనిపెట్టి, 1842లో దాన్ని గురించి పుస్తకం అచ్చువేశాడు. ఆ పెట్టెలలో మొక్కలు సముద్రాల మీద నెలల తరబడి ప్రయాణం చెయ్యగలిగాయి. 1845లో బ్రిటిషు ప్రభుత్వం గాజు మీద పన్ను ఎత్తివేసింది. గాజు చౌక అయింది. కలిగినవారి తోటలలో అద్దాల మేడలు లేచాయి.

ఇక ఆ తోటల వైభవం చెప్పాలా? వేసవి రాగానే పచ్చికబయళ్ళ మధ్య రంగుల ఆకుల మొక్కలను వేల సంఖ్యలో, మన ఇళ్ళముందు సంక్రాంతి ముగ్గులు తీర్చినట్టు తీర్చేవారు. తివాచీ పరిచినట్టుండే ఆ మడులలో కోలియస్‌కు అగ్రస్థానం. శరదృతువు వచ్చేసరికి తోటమాలి ఆ మొక్కలను కాపాడడానికి ప్రయత్నించేవాడు కాడు. వాటినుంచి కొమ్మలు కోసి చిన్న చిన్న కుండీలలో నాటి, వెచ్చని అద్దాల మేడలో చలికాలమంతా పెంచేవాడు. మడిలోని మొక్క మంచుకు పోయేది. దాని కొమ్మ లోపల బ్రతికేది. వసంతంలో మళ్ళీ ఆ కొమ్మే వేయి మొక్కలయ్యేది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ నగరపు కోమో పార్కులో 1915లో తెరిచిన అద్దాల తోట ఇప్పటికీ వుంది. బయట మోకాలిలోతు మంచున్నప్పుడు లోపల తాటిజాతి చెట్లు పచ్చగా వుంటాయి. ఒకనాడు జమీందార్లకే చెల్లిన ఆ వైభోగం నేడు వేడిచేసిన ప్రతి ఇంటి కిటికీలోనూ, చిన్న ఎత్తున, సాధ్యమే.

నెయ్యి పేరుకున్నట్టు

చలికి కోలియస్ ఎందుకు చచ్చిపోతుంది? దాని పక్కనే వున్న మేపుల్ చెట్టు ఎందుకు చావదు? ఈ ప్రశ్న వేసుకుంటే తరువాత చెయ్యవలసిన పనులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొక్క శరీరమంతా సూక్ష్మమైన జీవకణాల కట్టడం. ఒక్కొక్క కణం చుట్టూ కొవ్వు పదార్థాలతో కూడిన పలుచని పొర వుంటుంది. లోపలికి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో నిర్ణయించేది ఆ పొరే. పుష్యమాసంలో మన ఇంట్లో నెయ్యి పేరుకుంటుంది గదా. ఉష్ణమండలపు మొక్కల కణపు పొరలు కూడా చలికి అలాగే బిగుసుకుంటాయి. బిగుసుకున్న పొర పని చెయ్యదు. లోపలి రసాలు బయటికి కారిపోతాయి. అంచేత గడ్డకట్టేటంత చలి రాకముందే, 50 డిగ్రీల ఫారన్‌హీటు, అంటే 10 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లోనే కోలియస్ నీరసించడం మొదలుపెడుతుంది. ఆకులు వాలుతాయి, రంగు మాసిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఉష్ణోగ్రత సున్నాకు దిగిందా, కాడలలోని నీరు మంచుముక్కలయి కణాలను చీలుస్తుంది. తెల్లవారి చూస్తే మొక్క నల్లబడి, ఉడికించిన బచ్చలికూరలా మెత్తగా వేలాడుతుంది. ఆ తరువాత ఎంత ఉపచారం చేసినా లాభం లేదు.

మేపుల్, బర్చి వంటి చెట్లు తరతరాలుగా చలికి అలవాటుపడ్డాయి. పగటి పొద్దు తగ్గుతూండగానే ఆకులు రాల్చి, మొగ్గలను పొలుసులలో దాచుకుని, కణాలలో చక్కెరలు నింపుకుని నిద్రపోతాయి. డాలియా, మెట్టతామర వంటివాటికి మంచి దుంప వుంది. పైభాగం పోయినా దుంపను తవ్వి పొడిగా, చల్లగా నేలమాళిగలో పెడితే వసంతం దాకా నిద్రిస్తుంది. కోలియస్‌కు దుంపా లేదు, నిద్రా తెలియదు. దానికి సెలవంటూ లేదు. బ్రతికినన్నాళ్ళూ పెరుగుతూనే వుండాలి. కనుక దాన్ని చలికాలం దాటించడమంటే దాచిపెట్టడం కాదు, ఆ ఆరేడు నెలలూ తగ్గుస్థాయిలోనైనా కాపరం జరిపించడం. ఈ తేడా తెలియక చాలామంది కుండీని డాలియా దుంపతోబాటు చీకటి మాళిగలో పెట్టి మొక్కను పోగొట్టుకుంటారు.

మామ్మగారి మొక్క

పోతే పోయింది, వసంతంలో ఇంకొకటి కొనుక్కోవచ్చు గదా అంటారా? విత్తనాల పొట్లంతో పెంచిన మామూలు కోలియస్ అయితే ఆ మాట నిజమే. కాని ఇక్కడ ఒక మెలిక వుంది. మనకు నచ్చిన మొక్కకు పూసిన పువ్వులనుంచి గింజలు తీసి చల్లితే తల్లివంటి పిల్ల రాదు. పది గింజలకు పది రంగులు రావచ్చు. విత్తనాలతో ఒకే తీరుగా వచ్చే రకాలు కొన్ని వున్నాయి. విజార్డ్, కాంగ్ అనే శ్రేణులు అటువంటివి. తక్కిన రకాలు అనేకం కొమ్మల ద్వారానే నిలుస్తాయి. కొమ్మ నాటగా వచ్చిన మొక్క తల్లికి కూతురు కాదు; తల్లే. అదే రంగు, అదే అంచు, అదే మచ్చ. కొమ్మ నుంచి కొమ్మకు ప్రాణం పాకుతూ పోతుంది. ఒక్క చలికాలం ఆ గొలుసు తెగితే, ఆ మొక్క మరెవరి దగ్గరా లేకపోతే, ఆ రంగు లోకంలోనుంచి పోయినట్టే.

మా బంధువుల అమ్మాయి ఒకతె మినియాపోలిస్ నగరంలో కాపరం వుంటున్నది. సెయింట్ పాల్‌కు పొరుగూరే అది. అక్కడ జనవరిలో రాత్రి ఉష్ణోగ్రత సగటున సున్నాకు దిగువన 13 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పడిపోతుంది. ఆమె ఇంటిపక్కన ఒక వృద్ధురాలు ఒంటరిగా వుండేది. ఆమె ఇంటి మెట్లకు ఇరుపక్కలా ప్రతి వేసవిలోనూ ఒకే రకం కోలియస్ వుండేది. ముదురు ఎరుపు ఆకు, నడుమ నిప్పుకణికవంటి నారింజరంగు చార, సన్నని పసుపు అంచు. అది ఆమె తల్లి పెంచిన మొక్కట. తల్లి పోయాక కూతురు దాన్ని చలికాలం తరువాత చలికాలం వంటింటి కిటికీలో గ్లాసులో పెట్టి కాపాడుకుంటూ వచ్చింది. ఒక సెప్టెంబరులో ఆ వృద్ధురాలు ఇల్లు అమ్మేసి, కొడుకు వున్న ఊరిలో వృద్ధుల వసతిగృహానికి వెళ్ళిపోతూ, రెండు కుండీలు తెచ్చి మా అమ్మాయి వాకిట్లో పెట్టి, “ఇక దీని చలికాలాలు నీవి” అన్నదట.

మా అమ్మాయికి అంతకుముందు తులసి తప్ప మరో మొక్క పెంచిన అనుభవం లేదు. ఆ ఏడు రెండు కుండీలనూ ఉన్నవున్నట్టు లోపలికి తెచ్చి, వెచ్చగా వుంటుందని గదిని వేడిచేసే గొట్టాల పక్కనే పెట్టింది. చలికి భయపడి కిటికీ తెర ఎప్పుడూ వేసే వుంచింది. వాలినప్పుడల్లా నీళ్ళు పోసింది. డిసెంబరు వచ్చేసరికి ఆకులు సగానికి సగం రాలిపోయాయి. మిగిలిన వాటి కణుపులలో దూదిపింజల్లాగా పిండినల్లి పట్టింది. జనవరిలో ఒక మొక్క వేరు కుళ్ళి చచ్చింది. రెండోది కూడా చచ్చే స్థితిలో వుండగా దాని చివర మిగిలిన రెండంగుళాల కొమ్మను తుంచి, కడిగి, స్టీలు గ్లాసులో నీళ్ళుపోసి పెట్టి, ఫోనులో నాతో చెప్పుకుని బాధపడింది. నేను ఓదార్పుగా వసంతంలో మంచి రకం కొనుక్కోవచ్చులెమ్మంటే, “కొనలేక కాదు పిన్నీ. ఇది దుకాణంలో దొరికేది కాదు. ఆవిడ ఏ రోజైనా ఫోను చేసి మొక్క ఎట్లా వుందని అడిగితే ఏం చెప్పను?” అన్నది.

పన్నెండో రోజున ఆ కొమ్మకు తెల్లని వేళ్ళు వచ్చాయి. అక్కడినుంచి ఆమె నేర్చుకున్నదీ, ఆ విషయమై తోటపని తెలిసినవారు చెప్పేదీ కలిపి కింద ఇస్తున్నాను.

కొమ్మ కోసే వేళ

మొదటి సూత్రం: మంచు పడేదాకా ఆగకూడదు. మినియాపోలిస్ ప్రాంతంలో తొలి మంచు మామూలుగా అక్టోబరు మొదటి, రెండు వారాలలో వస్తుంది. రాత్రులు 50 డిగ్రీల ఫారన్‌హీటుకు దిగడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. కనుక ఆగస్టు ఆఖరుకూ, సెప్టెంబరు నడుముకూ మధ్య కొమ్మలు కొయ్యాలి. అప్పటికి మొక్క ఇంకా బలంగా వుంటుంది. చలి సోకిన కొమ్మకు వేరు రావడం కష్టం.

పువ్వు రాని, నిగనిగలాడే చివరి కొమ్మను ఎంచుకోండి. నాలుగంగుళాల పొడుగు చాలు. కణుపుకు సరిగ్గా కిందుగా పదునైన కత్తెరతో కొయ్యండి. వేళ్ళు ముందుగా కణుపు దగ్గరే పుడతాయి. కింది ఆకుల జంటలు తీసేసి, పైన రెండు మూడు జంటలు వుంచండి. కోలియస్ కొమ్మలు ఒక్కొక్కప్పుడు తమంతట తామే రంగు మారుస్తాయి. ఎర్రమొక్కకు ఒక పచ్చని కొమ్మ రావచ్చు. మీకు ఏ రంగు నిలవాలో ఆ రంగు కొమ్మనే కొయ్యండి. ఒకవేళ కొత్త రంగే బాగుందనుకుంటే దాన్నీ వేరుగా కోసి పెట్టుకోండి, కొత్తరకం మీ ఇంట్లోనే పుట్టినట్టు.

ఈ కొమ్మను గ్లాసులో నీళ్ళుపోసి పెడితే ఒకటి రెండు వారాలలో వేళ్ళు వస్తాయి. నీటిలో ఆకులు మునగకూడదు. రెండు మూడు రోజులకొకసారి నీళ్ళు మార్చాలి. ఎండ నేరుగా పడని వెలుతురులో వుంచాలి. వేళ్ళు అంగుళం పొడుగు కాగానే మట్టిలోకి మార్చాలి. ఇంకా బాగా ఎదగనిద్దామని నెలల తరబడి నీటిలో వుంచితే ఆ వేళ్ళు నీటికే అలవాటుపడి మట్టిలో తడబడతాయి. నీళ్ళ గ్లాసు గొడవ లేకుండా నేరుగా తేలిక మట్టిలోనో, పెర్లైట్ కలిపిన పీటులోనో గుచ్చి, పైన పలుచని ప్లాస్టిక్ సంచీ గొడుగులా కప్పినా వేరు పట్టుతుంది. వేరు మందులు అక్కరలేదు. ఒక్క కొమ్మను నమ్ముకోవద్దు. నాలుగు కోస్తే రెండైనా దక్కుతాయి. ఒకటి పక్కింటివారికి ఇచ్చి వుంచడం అన్నిటికంటె గట్టి భద్రత.

మొక్కను మొత్తంగా లోపలికి తెచ్చుకోదలచినవారు దాన్ని సగానికి కత్తిరించి, కొత్త మట్టి వున్న కుండీలో నాటి తీసుకురావాలి. లోపలి మొక్కల దగ్గర పెట్టకుండా రెండువారాలు వేరే గదిలో వుంచాలి. ఆకులు తిరగేసి అడుగుభాగం చూడడం మరవకూడదు. అక్కడ బూడిదరంగు బూజు కనిపిస్తే ఆ మొక్కను తీసి పారవెయ్యడమే మేలు. కోలియస్‌కు వచ్చే ఈ బూజు తెగులును అమెరికాలో మొదటిసారి 2005లో గుర్తించారు. తెగులున్న కొమ్మనుంచి ఆరోగ్యం పుట్టదు.

కిటికీ కాపరం

చలికాలంలో ఇంట్లో కోలియస్‌కు కరువయ్యేది వెచ్చదనం కాదు, వెలుతురు. డిసెంబరు 21న విజయవాడలో పగలు 11 గంటల పైమాటే; మినియాపోలిస్‌లో 8 గంటల 46 నిమిషాలే. ఆ పగటిలో కూడా సూర్యుడు దక్షిణాన క్షితిజం మీదికి కొద్దిగా లేచి, మళ్ళీ దిగిపోతాడు. కనుక దక్షిణపు కిటికీ శ్రేష్ఠం. వెలుతురు చాలకపోతే ఎరుపు, ఊదా రంగులు వెలసిపోయి ఆకుపచ్చ పైకి వస్తుంది. మొక్క పిచ్చిగా పొడుగు సాగుతుంది. అది జబ్బు కాదు, ఆకలి. మొక్కకు అన్నం వండే పదార్థం పత్రహరితం. వెలుతురు కొరవడినప్పుడు మొక్క అలంకారం మాని ఆ పచ్చదనాన్నే నమ్ముకుంటుంది. ఎల్.ఇ.డి. దీపం ఒకటి మొక్కకు అరడుగు ఎత్తున పెట్టి, రోజుకు 14 గంటలు వెలిగిస్తే రంగు నిలుస్తుంది. దీపానికి వెసులుబాటు లేకపోయినా భయపడవద్దు. ప్రాణం దక్కితే చాలు. వేసవి ఎండ తగిలితే రంగు దానంతటదే తిరిగివస్తుంది.

వేడి 65 నుంచి 70 డిగ్రీల ఫారన్‌హీటు చాలు. మనుషులకు హాయిగా వుండే వేడే దానికీ హాయి. కాని ఆకులు కిటికీ అద్దాన్ని తాకకూడదు. గది వెచ్చగా వున్నా అర్ధరాత్రి అద్దం మంచుగడ్డలా వుంటుంది. రాత్రి పూట కుండీని కాస్త ఇవతలికి జరిపి, అద్దానికీ మొక్కకూ మధ్య తెర వెయ్యాలి. పొద్దున్నే తెర తీసెయ్యాలి. వేడిగాలి వచ్చే గొట్టాలకు దూరంగా వుంచాలి. గడ్డకట్టే చలిలో బయటి గాలిలో నీటి ఆవిరి మిక్కిలి స్వల్పం. దాన్ని ఇంట్లోకి తెచ్చి వేడిచేస్తే ఎడారిగాలితో సమానం. పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, అవి సగం మునిగేటట్టు నీళ్ళుపోసి, రాళ్ళమీద కుండీ పెడితే మొక్క చుట్టూ కొంత తేమ ఏర్పడుతుంది. కుండీ అడుగు మాత్రం నీటిలో మునగకూడదు.

చలికాలంలో ఎక్కువ మొక్కలు చచ్చేది దాహంతో కాదు, అతిమర్యాదతో. వెలుతురు తక్కువ కనుక ఎదుగుదల తక్కువ. ఎదుగుదల తక్కువ కనుక నీళ్ళ అవసరమూ తక్కువే. పైమట్టి అరంగుళం లోతుదాకా పొడిగా వున్నదని వేలితో చూసి అప్పుడే పొయ్యాలి. చల్లటి కుళాయినీళ్ళు కాక గదివేడికి వచ్చిన నీళ్ళు పొయ్యాలి. కుండీకి అడుగున చిల్లి తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎరువు జోలికి పోవద్దు.

పిండినల్లి, తెల్లదోమ, ఎర్రనల్లి, ఈ ముగ్గురే ఇంటిలోపలి శత్రువులు. వారానికొకసారి ఆకుల అడుగులు, కణుపుల మూలలు చూడండి. పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచివెయ్యవచ్చు. తక్కినవాటికి ఆకులను రెండువైపులా కుళాయి కింద కడిగి, పలుచని సబ్బునీళ్ళు చల్లడం మంచిది. చివరి చిగుళ్ళు అప్పుడప్పుడు గోటితో తుంచండి. ఒక చిగురు తుంచితే రెండు కొమ్మలు లేస్తాయి, మొక్క గుబురుగా వుంటుంది. లేత ఊదారంగు పూలకంకి కనిపిస్తే జాలిపడకుండా తీసెయ్యండి. పువ్వుకూ గింజకూ పోయే సత్తువ ఆకులకు దక్కుతుంది.

వసంతం వచ్చాక

ఫిబ్రవరి ఆఖరుకు పొద్దు పెరుగుతుంది. మొక్కలో కొత్త చురుకు కనిపిస్తుంది. చలికాలమంతా లాక్కొచ్చిన మొక్క అందవికారంగా, కాళ్ళు సాగి వుంటే దిగులుపడవద్దు. దాన్ని తల్లిమొక్కగా భావించి, మార్చిలో దాని కొత్త చిగుళ్ళను కోసి మళ్ళీ వేరు పట్టించండి. మే నాటికి ఒక్క మొక్క ఆరు మొక్కలవుతుంది. ఇక్కడ చట్టపు విషయం ఒకటి చెప్పాలి. అమెరికాలో 1930లో వచ్చిన చట్టం ప్రకారం కొత్తరకం మొక్కలకు పేటెంటు ఇస్తారు. పేటెంటు గడువు తీరేదాకా అటువంటి రకాలను అనుమతి లేకుండా కొమ్మలతో పెంచకూడదు. కుండీ చీటీ మీద ఆ సంగతి ముద్రించి వుంటుంది, చూసుకోవాలి. పాతరకాలకు ఆ బెడద లేదు.

చలికాలమంతా గదిలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు కాలిపోతాయి. బాలింతను బయటికి తిప్పినట్టు తిప్పాలి. మొదటిరోజు గంటసేపు నీడలో, మరునాడు రెండుగంటలు, ఆ తరువాత లేత ఎండలో, ఇలా వారం పదిరోజులు అలవాటు చెయ్యాలి. మిన్నెసోటాలో చాలామంది మే నెల చివరి సోమవారం, అక్కడి వీరుల స్మారకదినం, దాకా ఆగి గాని లేతమొక్కలను నేలలో పెట్టరు. పగలు ఎంత వెచ్చగా వున్నా రాత్రి ఉష్ణోగ్రత చూసుకునే నిర్ణయించాలి. రాత్రులు 55 డిగ్రీల ఫారన్‌హీటుకు పైన నిలిచినప్పుడే కోలియస్ నిశ్చింతగా పెరుగుతుంది.

మా అమ్మాయి గ్లాసులోని కొమ్మ ఆ వసంతానికి నాలుగు మొక్కలయింది. మూడిటిని మెట్ల పక్కన పెట్టింది. నాలుగోదాన్ని చిన్న కుండీలో తీసుకుని, భార్యాభర్తలు కారులో ఆరుగంటలు ప్రయాణంచేసి వసతిగృహంలో వున్న మామ్మగారికి ఇచ్చివచ్చారు. ఆమెకు జ్ఞాపకశక్తి తగ్గిందిట. మా అమ్మాయి పేరు వెంటనే తట్టలేదుట. కాని కుండీ చేతికివ్వగానే పై రెండాకుల చిగురును గోటితో తుంచి, “ఇలా తుంచకపోతే పొడుగుసాగిపోతుంది” అన్నదట. ఇప్పుడు ఆమె కిటికీలో ఒకటి, మినియాపోలిస్‌లో మూడు ఇళ్ళలో ఒక్కొక్కటి వున్నాయి. ఒక ఇంట్లో గండం వచ్చినా మరొక ఇంట్లో గొలుసు నిలుస్తుంది.

మన ఊళ్ళ సంగతి

చలిదేశాలలోని మన తెలుగు కుటుంబాలకు ఈ విద్య కోలియస్‌తోనే ఆగిపోదు. ఊరినుంచి వెళ్ళినవారి మనసులో ముందుగా మెదిలేది తులసి. అదీ ఈ కుటుంబపు మొక్కే, దానికీ మంచు పడదు. పువ్వురాని లేత తులసికొమ్మకూ నీటిలో వేళ్ళు వస్తాయి. వామాకు అంతకంటె సులువు. దక్షిణపు కిటికీ, తక్కువ నీళ్ళు, అద్దానికి దూరం, సెప్టెంబరులోనే కోసిన కొమ్మ, ఈ నాలుగు సూత్రాలే వాటికీ వర్తిస్తాయి. కార్తీకమాసంలో తులసిపూజనాటికి బయట మంచుపడుతున్నా లోపల పచ్చని కొమ్మ వుంటుంది.

మన దగ్గర పరిస్థితి తలక్రిందులు. లంబసింగి, అరకు వంటి కొండప్రాంతాలలోనూ, ఆదిలాబాదు వైపునా రాత్రి చలి గట్టిగా వుండే రోజుల్లో కుండీని వరండాలోకి జరిపితే సరిపోతుంది. మైదానాలలో కోలియస్‌కు గండం రోహిణికార్తెలో వస్తుంది. అందుకూ మందు అదే. మార్చిలోనే నాలుగు కొమ్మలు కోసి, వేరు పట్టించి, తూర్పువైపు నీడలో వుంచుకోవాలి. ఎండకు తల్లిమొక్క మాడినా తొలకరికి పిల్లమొక్కలు సిద్ధంగా వుంటాయి. కాలం ఏదైనా, గండం వచ్చాక మొక్కను రక్షించడం కష్టం. రాకముందు ఒక కొమ్మను పక్కన పెట్టుకోవడం తేలిక.

కుండీకి గుచ్చిన చీటీ మీద ఒక్క ఏటి ఆయుష్షే రాసి వుండవచ్చు. ఆగస్టు ఆఖరున ఒక సాయంత్రం పదినిమిషాలు వెచ్చించి నాలుగు కొమ్మలు కోసి నీళ్ళలో పెట్టే ఇంట్లో మాత్రం, ఆ చీటీ తీసి పారవెయ్యవచ్చును.